హౌరా బడి పళ్లెంలో గుడ్డు లెక్క

బెంగాల్ బడి పిల్లలకు 2023లో నాలుగు నెలల కోసం కోడికూర, పళ్లు మంజూరయ్యాయి. గడువు ముగిశాక మిగిలింది పాత వంటఖర్చు, దానికి అందని గుడ్డు ధర

తెల్లవారకముందే హౌరా స్టేషన్ పక్కనున్న టోకు చేపల మార్కెట్‌లో సందడి మొదలవుతుంది. ఆకివీడు, కైకలూరు, భీమవరం చెరువుల నుంచి ఐసు ముక్కల మధ్య ప్రయాణించి వచ్చిన బొచ్చె, శీలావతి ఇక్కడికి చేరేసరికి కాత్లా, రుయి అయిపోతాయి. గుడ్ల సంగతీ అంతే. బెంగాల్ సొంత కోళ్లఫారాలు పెంచుకుంటూ వస్తున్నా హౌరా, కోల్‌కతా మార్కెట్లకు గోదావరి జిల్లాల గుడ్డు పాత చుట్టమే. కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల ప్రకారం 2022-23లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లలో 20.13 శాతం ఆంధ్రప్రదేశ్‌వి. బెంగాల్ వాటా 9.94 శాతం.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ చివరికి చేరే స్టేషన్‌గానే హౌరా చాలామంది తెలుగువాళ్లకు తెలుసు. హుగ్లీ నదికి రెండు వైపులా ఉన్న జూట్ మిల్లుల్లో పని వెతుక్కుంటూ గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు కుటుంబాలు వలస వచ్చి శతాబ్దం దాటింది. ఒకవైపు సాల్కియా, శివ్‌పూర్ లాంటి ఇరుకు బస్తీలు, ఫౌండ్రీలు. మరోవైపు ఉలుబేరియా, బాగ్నాన్, శ్యామ్‌పూర్, ఆమ్తా పల్లెల వరి పొలాలు. అన్నం, చేప లేని భోజనాన్ని ఇక్కడెవరూ భోజనం అనరు. అయినా ఇక్కడి సర్కారు బడుల్లో మధ్యాహ్నం పూట పిల్లల ముందుకు వచ్చేది ఎక్కువ రోజులు అన్నం, పప్పు, బంగాళదుంప కూర, లేదంటే మన దగ్గర మీల్‌మేకర్ అనే సోయా ఉండల కూర. గుడ్డు వచ్చిన రోజు పండుగే.

ఆ పండుగను కాస్త పొడిగించాలని 2023 జనవరి మొదటి వారంలో బెంగాల్ ప్రభుత్వం ఓ ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికున్న మెనూకు అదనంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోడిమాంసం, గుడ్లు, ఆ రుతువులో దొరికే పళ్లు పెట్టాలని దాని సారాంశం. ఇందుకు 371 కోట్ల రూపాయలు కేటాయించారు. ఒక్కో విద్యార్థికి వారానికి 20 రూపాయలు, 16 వారాలు. పథకం కింద భోంచేసే పిల్లలు 1.16 కోట్ల మంది. ఇరవైని పదహారుతో హెచ్చవేస్తే 320, దాన్ని 1.16 కోట్లతో హెచ్చవేస్తే సరిగ్గా 371 కోట్ల చిల్లర. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. లేనిదల్లా పదిహేడో వారం.

ఉత్తర్వు వెలువడిన వెంటనే రాజకీయం మొదలైంది. ఆ ఏడాది పంచాయతీ ఎన్నికలున్నాయి (జులై 8న పోలింగ్ జరిగింది) కాబట్టి ఇది ఓట్ల కోడికూర అని ప్రతిపక్ష బీజేపీ ఎద్దేవా చేసింది. పేద పిల్లల పోషణ మీద కూడా రాజకీయమేనా అని తృణమూల్ కాంగ్రెస్ ఎదురు ప్రశ్నించింది. రెండు పక్షాలూ తమ తమ వాదనలు వినిపించాయి గానీ, అసలు ఆ నాలుగు నెలల ఏర్పాటు ఎందుకు అవసరమైందన్న ప్రశ్న పక్కకు పోయింది. దానికి జవాబు ఎన్నికల్లో కన్నా వంటఖర్చు పట్టికలో స్పష్టంగా దొరుకుతుంది.

2021 నుంచి పీఎం పోషణ్‌గా పిలుస్తున్న మధ్యాహ్న భోజన పథకంలో బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది. మిగతా సరకులకు, వంటచెరకుకు ఇచ్చేదే వంటఖర్చు. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. బెంగాల్ ఉత్తర్వు వచ్చినప్పుడు ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు ఇది 5.45 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు 8.17. 2024 డిసెంబర్ 1 నుంచి వీటిని 6.19, 9.29కి, 2025 మే 1 నుంచి 6.78, 10.17కి పెంచారు. ఈ డబ్బుతోనే పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పు, పసుపు, గ్యాసు అన్నీ రావాలి. 2023 జనవరిలో కోల్‌కతా చిల్లర దుకాణాల్లో ఒక గుడ్డు ఆరు రూపాయలు దాటింది. అంటే ప్రాథమిక పాఠశాల పిల్లవాడి మొత్తం భోజనానికి ఇచ్చే డబ్బుకు ఒక్క పచ్చి గుడ్డు కూడా రాని పరిస్థితి.

వంద మంది పిల్లలున్న ఒక ప్రాథమిక పాఠశాలను ఊహించుకుని కొత్త రేటుతోనే లెక్క వేసి చూద్దాం. రోజుకు 678 రూపాయలు. వారానికి ఐదు భోజనాలు అనుకుంటే 3,390. నిబంధన ప్రకారం తలకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. రోజుకు రెండు కిలోల మసూర్ పప్పు కిలో వంద చొప్పున 200 రూపాయలు. ఐదు కిలోల కూరగాయలు కిలో 30 చొప్పున 150. అర లీటరు నూనె 70. ఐదు రోజులకు ఇవి 2,100 అయ్యాయి. వారానికి ఒక గ్యాస్ సిలిండర్ చొప్పున ఇంకో 900 దాకా వేసుకోండి. చేతిలో మిగిలేది సుమారు 400. ఉప్పూ కారం ఇంకా కొననే లేదు. గుడ్డు పెట్టే రోజు పప్పు మానేస్తే మరో 200 చేరుతుంది. గుడ్డు ఆరున్నర చొప్పున వందకు 650. అంటే వారానికి ఒక్క గుడ్డు పెట్టడానికే చెమటోడ్చాలి. రెండో గుడ్డు పెట్టాలంటే కూరగాయలు తగ్గాలి, లేదా పప్పు నీళ్లవ్వాలి, లేదా గుడ్డును రెండు ముక్కలు చేయాలి. ఇది చేతివాటం సంగతి కాదు. నిజాయితీగా నడిచే బడి లెక్కే ఇలా ఉంటుంది. పిల్లల సంఖ్య ముప్పై, నలభై ఉండే చిన్న బడుల్లో పరిస్థితి ఇంకా కష్టం. పిల్లలు తగ్గారని పొయ్యి కింద మంట అదే నిష్పత్తిలో తగ్గదు కదా.

ఇప్పుడు ఆ అదనపు 20 రూపాయల విలువ తెలుస్తుంది. ఐదు రోజుల మొత్తం వంటఖర్చు అప్పట్లో తలకు 27 రూపాయల పాతిక పైసలు. దానిమీద ఒక్కసారిగా ఇరవై చేరాయి. కిలో రెండు వందల కోడిమాంసం యాభై గ్రాములు పది రూపాయలు. ఇంకో గుడ్డు ఆరున్నర. మిగిలిన మూడున్నరకు ఒక అరటిపండో జామకాయ ముక్కో. ఓటు కోసం పెట్టినా, మనసారా పెట్టినా ఆ నాలుగు నెలల్లో మెనూకు దక్కింది చిన్నదేమీ కాదు.

వంటఖర్చును ఏ లెక్కన పెంచుతారన్నది మరీ ఆసక్తికరమైన విషయం. కార్మిక శాఖకు చెందిన లేబర్ బ్యూరో గ్రామీణ కార్మికుల ధరల సూచీ ఆధారంగా పీఎం పోషణ్ సరకుల బుట్టకు ద్రవ్యోల్బణం లెక్క కడుతుంది. 20 రాష్ట్రాల్లోని 600 గ్రామాల్లో ధరలు సేకరిస్తారు. 2025 మే నాటి 9.5 శాతం పెంపు ఆ లెక్క మీదే వచ్చింది. పద్ధతి శాస్త్రీయమే. కాకపోతే ఆ బుట్టలో ఉన్నవి పప్పులు, కూరగాయలు, నూనె, మసాలా దినుసులు, వంటచెరకు. గుడ్డు లేదు. కోడి లేదు, పాలు లేవు, పండు లేదు. గుడ్డు ధర రెట్టింపైనా ఆ సూచీకి పట్టింపు ఉండదు. కేంద్రం నిబంధనల్లో గుడ్డు అనేది రాష్ట్రం తన ఇష్టంతో, తన డబ్బుతో పెట్టుకునే అదనం. దేశంలో ఏ బడి పళ్లెంలో గుడ్డు కనిపించినా దాని వెనుక ఒక రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయమో, దాతల పుణ్యమో, లేదంటే మన వంద మంది బడిలోలా పప్పు తగ్గించిన ఒక హెడ్‌మాస్టర్ సర్దుబాటో ఉంటుంది.

మరి పప్పన్నం చాలదా? ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువేం కాదు. నిబంధన ప్రకారం ప్రాథమిక స్థాయిలో భోజనం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలి. పై తరగతుల్లో 700 కేలరీలు, 20 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో దాదాపు ఏడు గ్రాముల మాంసకృత్తులు, ఇరవై గ్రాముల పప్పులో అయిదు. పన్నెండు అలా పూర్తవుతుంది. కాగితం మీద పిల్లవాడికి లోటేమీ లేదు.

లోటు రెండు చోట్ల ఉంది. మొదటిది నాణ్యత. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ అనే ఆమ్లం తక్కువ. పప్పులో అది పుష్కలం గానీ మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. మన పెద్దలు పప్పన్నాన్ని కనిపెట్టిన విశేషం అదే. అయితే ఆ జోడీ కుదరాలంటే పప్పు తగినంత ఉండాలి. పళ్లెంలో పప్పు తేటగా పారుతుంటే మిగిలేది బియ్యం ప్రోటీనే. గుడ్డులో ఉన్నది ఆరు గ్రాములే అయినా అందులో శరీరానికి కావలసిన ఆమ్లాలన్నీ ఉంటాయి, సులువుగా అరుగుతాయి. పైగా ఏ పప్పులోనూ దొరకని బి12 విటమిన్ అదనం. రెండోది, ఆ పూట తర్వాత ఇంటి దగ్గర ఏం దొరుకుతుందన్నది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 2020 సిఫార్సుల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 23 గ్రాముల ప్రోటీన్ కావాలి. పది నుంచి పన్నెండేళ్ల అబ్బాయిలకు 32, అమ్మాయిలకు 33. బడి భోజనం సగమే ఇస్తుంది. మిగతా సగం రోజుకూలీ ఇంట్లో అన్నం, ఆలూ నుంచే రావాలి.

అరవైలు, డెబ్బైల్లో ఈ విషయం మీద పెద్ద చర్చే నడిచింది. ప్రపంచమంతా ప్రోటీన్ కొరత అంటూ చేపల పిండి, ప్రత్యేక పొడులు తయారు చేస్తున్న రోజుల్లో, అప్పట్లో జాతీయ పోషకాహార సంస్థను నడిపించిన సి.గోపాలన్ వేరే మాట చెప్పారు. మన పిల్లలకు అసలు కడుపు నిండటం లేదు, కేలరీలు అందితే రోజూ తినే తిండిలోని ప్రోటీన్ చాలావరకు సరిపోతుందని ఆయన వాదన. అది ఆ కాలానికి సరైన మాటే. అయితే ఇప్పుడు రేషన్ బియ్యంతో కడుపు నిండుతోంది. నిండిన ఆ కడుపులో వైవిధ్యం లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం బెంగాల్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.8 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు వాళ్లలో 69 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్ ఏమంత మెరుగు కాదు: 31.2 శాతం, 63.2 శాతం. బడిలో చేరేది ఈ పిల్లలే.

బడి భోజనం ఫలితం ఇస్తుందా అన్న సందేహం ఎప్పుడో తీరిపోయింది. ఆర్థికవేత్త ఫర్జానా ఆఫ్రిదీ మధ్యప్రదేశ్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం బడిలో వండి పెట్టే భోజనం వల్ల ప్రాథమిక విద్యార్థుల రోజువారీ ప్రోటీన్ లోటు పూర్తిగా, కేలరీల లోటు దాదాపు 30 శాతం తగ్గిందని తేల్చింది. ఇంట్లో పెట్టేది తగ్గించేసి బడి మీదకు నెట్టేస్తారన్న అనుమానం నిజం కాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల మీద అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫెన్ డెర్కాన్ చేసిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. పసితనంలో కరవు బారినపడి ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు బడి భోజనం అందాక ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకున్నట్లు అందులో తేలింది. గుడ్డు విషయానికొస్తే కర్ణాటకలో గుడ్లు పెట్టిన యాద్గిర్ జిల్లా పిల్లలను, పెట్టని గదగ్ జిల్లా పిల్లలను పోల్చి చూసినప్పుడు గుడ్లు తిన్నవారిలోనే ఎదుగుదల మెరుగ్గా కనిపించింది.

బెంగాల్‌ది ఈ విషయంలో నెమ్మది నడకే. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం ప్రారంభించినా చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా నెలకు మూడేసి కిలోల ధాన్యం చేతికిచ్చి సరిపెట్టాయి. 2001 నవంబర్ 28న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించాకే కదలిక వచ్చింది. అటు బెంగాల్, ఇటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలోనే పొయ్యి వెలిగించాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా మొదలుపెడితే, బెంగాల్ ఆరు జిల్లాల్లోని 1,100 బడులతో సరిపెట్టుకుంది. అమర్త్య సేన్ నోబెల్ బహుమతి సొమ్ముతో నెలకొల్పిన ప్రతీచీ ట్రస్ట్ సొంత రాష్ట్రంలో వండిన భోజనం కావాలని అప్పటికే గట్టిగా చెబుతోంది. తర్వాతి ఏళ్లలో పథకం రాష్ట్రమంతటా విస్తరించింది గానీ మెనూ ఎదగలేదు. 2019 ఆగస్టులో పొరుగునే ఉన్న హుగ్లీ జిల్లా చుంచుడాలో ఒక బాలికల పాఠశాలలో పిల్లలకు ఉప్పుతో అన్నం పెట్టిన వైనం బయటపడి పెద్ద దుమారం లేచింది.

అదే 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎక్కడికి వచ్చిందో చూస్తే తేడా తెలుస్తుంది. గుడ్ల సంఖ్య మెల్లగా పెరుగుతూ వచ్చి వారానికి ఐదుకు చేరింది. 2020 జనవరి 21న జగనన్న గోరుముద్ద పేరుతో రోజుకో రకం వంట వచ్చింది. వారంలో ఐదు రోజులు గుడ్డు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ. 2023 మార్చిలో చిక్కీ లేని రోజుల్లో పొద్దున పూట రాగిజావ చేరింది. 2024లో ప్రభుత్వం మారింది. పేరూ మారింది. గోదావరి లంకల్లో అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గుడ్డు మాత్రం పళ్లెంలోంచి కదల్లేదు. పైగా 2025 జనవరిలో పథకాన్ని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించారు. ఇదంతా సాఫీగా జరిగిందనేం కాదు. చిన్న గుడ్లు, కుళ్లిన గుడ్లు, దారిమళ్లిన గుడ్లు అంటూ ఫిర్యాదులు వచ్చాయి. సరఫరా గుడ్డు మీద వారానికో రంగు ముద్ర కొట్టే దాకా వ్యవహారం వెళ్లింది. బిల్లులు ఆలస్యమై వంటవాళ్లు రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఐదు గుడ్లకు రాష్ట్ర బడ్జెట్‌లో ఏటా ఒక పద్దు ఉంటుంది. హౌరా పిల్లవాడికి లేనిదీ, తణుకు పిల్లవాడికి ఉన్నదీ అదే.

ఆంధ్రకు ముందు దారి చూపింది తమిళనాడు. 1982లో ఎంజీఆర్ పోషకాహార పథకం మొదలుపెట్టినప్పుడు గుడ్డు లేదు. 1989లో కరుణానిధి పక్షానికో గుడ్డు తెచ్చారు. 1998లో అది వారానికొకటైంది. ఆ తర్వాత రెండు, మూడు, 2010 నాటికి ఐదు. పక్షానికొకటి నుంచి వారానికి ఐదుకు చేరడానికి 21 ఏళ్లు పట్టింది. మధ్యలో అధికారం చాలాసార్లు చేతులు మారింది. తర్వాత జయలలిత ఆ గుడ్డునే మిరియాలతో, టమాటాతో, ఉల్లితో రకరకాలుగా వండించి మెనూలో కలిపిన అన్నాలకు జత చేశారు. ఒకరు పెట్టింది ఇంకొకరు తీయలేదు. అక్కడ కూడా గుడ్డు ఓట్ల కోసమే వచ్చిందని అనుకోవచ్చు. ఓట్ల కోసం వచ్చినా మళ్లీ వెనక్కు పోలేదన్నదే తేడా.

గుడ్డంటేనే వివాదమయ్యే రాష్ట్రాలూ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీ గుడ్డును అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ అడ్డుకున్నారు. మహారాష్ట్ర 2023 నవంబర్‌లో వారానికో గుడ్డు మొదలుపెట్టి 2025 జనవరిలో దానికి నిధులు ఆపేసింది. కర్ణాటకలో మఠాధిపతులు రంగంలోకి దిగారు. బెంగాల్‌లో ఆ బాధ లేదు. చేప, మాంసం, గుడ్డు ఇక్కడ కులానికీ మతానికీ అతీతం. తిననివాళ్లకు పండు ఇస్తే సరి. అందుకే ఇక్కడి వైఫల్యం ఎక్కువగా బాధిస్తుంది. అడ్డు చెప్పేవాళ్లు లేరు, తినడానికి పిల్లలు సిద్ధం, మార్కెట్ పక్కనే ఉంది. కుదరనిది డబ్బొక్కటే.

డబ్బు విషయంలో ఢిల్లీకి, కోల్‌కతాకు మధ్య నమ్మకం కూడా చెడింది. 2023 ఆరంభంలో బెంగాల్ వచ్చిన కేంద్ర సమీక్ష బృందం, అంతకు ముందు ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా సుమారు 16 కోట్ల భోజనాలు ఎక్కువగా చూపించారని, వాటి విలువ వంద కోట్ల పైచిలుకని నివేదిక ఇచ్చింది. బృందంలో ఉన్న రాష్ట్ర ప్రతినిధి సంతకం లేకుండానే నివేదిక సమర్పించారని అప్పటి విద్యామంత్రి బ్రాత్య బసు అభ్యంతరం చెప్పారు. ఎవరి మాట ఎంత నిజమన్నది అలా ఉంచితే, పైన వేసిన వంద మంది లెక్కను మరోసారి చూడండి. వంద మంది బడిలో నలుగురి హాజరు ఎక్కువ రాస్తే రోజుకు ఇరవై ఏడు రూపాయలు వస్తాయి. దొంగకు అది సంపాదన. నిజాయితీపరుడికి అది నూనె. ఇంత బిగుతైన రేటు ఇద్దరినీ ఒకే తప్పు వైపు తోస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్లు ఇద్దరినీ విడదీసి చూడలేరు.

గుడ్డు కాకపోతే చవకలో ఇంకేమున్నాయి? సోయా ఉండలను చిన్నచూపు చూడక్కర్లేదు. వంద గ్రాముల్లో యాభై గ్రాములకు పైగా ప్రోటీన్. పదిహేను గ్రాములు నానబెట్టి కూర చేస్తే రెండు రూపాయల్లో గుడ్డుకన్నా ఎక్కువ మాంసకృత్తులు దొరుకుతాయి. బెంగాల్ బడులను ఇన్నేళ్లు నిలబెట్టింది అదే. ఎండు బఠానీలతో చేసే ఘుగ్నీ వీధి వీధినా అమ్ముతారు, పిల్లలకు ఇష్టం. నానబెట్టిన శనగలు, వేరుశనగ ఉండలు కూడా బడ్జెట్‌కు అందుబాటులో ఉన్నవే. ఇవన్నీ మార్చి మార్చి పెడితే సగం సమస్య తీరుతుంది. వారం పొడవునా ఒకే సోయా కూర తిని విసుగెత్తి కింద పారబోసే పిల్లల సంగతి వంటమ్మలకు బాగా తెలుసు. పళ్లెంలో మిగిలిపోయిన ప్రోటీన్‌కు విలువ సున్నా. ఇక బి12 ఈ జాబితాలో దేంట్లోనూ లేదు. అందుకే సోయాను గుడ్డుకు తోడుగా లెక్కించాలి తప్ప బదులుగా కాదు.

చేప సంగతి? బెంగాల్ ఉత్తర్వులో కోడి ఉంది, గుడ్డు ఉంది, పండు ఉంది, చేప లేదు. బెంగాలీ భోజనంలో మొదటి పేరు దానిదే అయినా లేకపోవడానికి కారణాలు సమంజసమే. చిన్న పిల్లలకు ముళ్ల భయం. ఐసు దిగిన గంటలకే వండేయాలి. నూట యాభై మందికి సమానమైన ముక్కలు కోయడం అయ్యే పని కాదు. తల ఎవరికి, తోక ఎవరికి అన్న పేచీ ఒకటి. గుడ్డుకు ఈ బాధలేవీ లేవు. అది లెక్కకు దొరుకుతుంది, పెంకులోనే భద్రంగా ఉంటుంది, ప్రతి పళ్లెంలో ఒకే పరిమాణంలో ఉంటుంది. కల్తీ చేయలేం, నీళ్లు కలపలేం. పప్పు చిక్కదనాన్ని ఏ తనిఖీ అధికారీ కొలవలేడు గానీ గుడ్డు ఉందో లేదో మొదటి తరగతి పాప కూడా చెప్పగలదు. బడి భోజనంలో గుడ్డుకున్న గొప్ప గుణం, పోషణతో పాటు, బహుశా ఇదే.

గుడ్డుకు ఉన్న ఒకే ఒక చెడ్డ గుణం శీతాకాలం. చలి పెరిగిన కొద్దీ దేశమంతా గుడ్డు వాడకం పెరిగి డిసెంబర్, జనవరి నెలల్లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే ధర ఎక్కుతుంది. గోదావరి జిల్లాల ధరకు రవాణా ఖర్చు కలిసి కోల్‌కతా ధర సాధారణంగా ఇంకొంచెం పైనే ఉంటుంది. బెంగాల్‌లో కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేదీ జనవరిలోనే. ఏడాదంతా ఒకే రేటు పుచ్చుకునే బడికి అది సరిగ్గా చేతులు కాలే సమయం. తమిళనాడు, ఆంధ్రల్లోలా ప్రభుత్వమే టెండరు పిలిచి గుడ్లు కొని బడులకు పంపితే ఈ ఎగుడుదిగుళ్ల భారం హెడ్‌మాస్టర్ మీద పడదు. బెంగాల్‌లో చాలాచోట్ల బడి దగ్గరి దుకాణంలోనే కొంటారు, చిల్లర ధరకే.

కోడి కొన్నా, గుడ్డు కొన్నా వండాల్సింది స్వయం సహాయక బృందాల మహిళలు. కోడికూర రోజున మాంసం కడిగి, మసాలా నూరి, పెద్ద పాత్రలో కలిపేందుకు పట్టే సమయం పప్పు రోజుకన్నా చాలా ఎక్కువ. వంటవాళ్ల గౌరవ వేతనం కోసం కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయలు ఖరారు చేసింది, అదీ ఏడాదికి పది నెలలకే. ఆ అంకె తర్వాత మారలేదు. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2019లో మూడు వేలు చేసింది. బెంగాల్‌లో చాలాకాలం పదిహేను వందలే ఉండి, 2024 బడ్జెట్‌లో మరో ఐదు వందలు చేరింది. 2023లో కోడికూర కోసం విడుదలైన 371 కోట్లలో దాన్ని వండినవాళ్ల కోసం పద్దేమీ పెట్టలేదు. తలకు వారానికి 20 రూపాయలు, 16 వారాలు, అంతే.